మేఘసీమకు తరలుచున్న కార్యశాల

ప్రోగ్రాములు వ్రాయువారి కార్యశాల వారి బల్లమీది కంప్యూటరును విడిచి, ఎచటనో యున్న సర్వరులకు తరలిపోవుచున్నది. ఇది వట్టి సాంకేతిక వ్యవహారమని పాఠకులు త్రోసివేయరాదు. ఈ వృత్తిచే జీవించుచున్న తెలుగు యువకులు హైదరాబాదునందేమి, విదేశములందేమి, కొలదిమంది గారు. వారి పనిముట్లు ఎవరి యధీనమున నుండవలెనన్నది మన యింటి ప్రశ్నయే.

ఇందలి సౌకర్యమును మేము కాదనము. గిట్‌హబ్ సంస్థ తన యింజనీర్లను కోడ్‌స్పేసెస్ అను క్లౌడు కార్యశాలకు మార్చినట్లు 2021 ఆగస్టులో ప్రకటించినది. ఆ సంస్థయొక్క ప్రధాన కోడు భాండారము దాదాపు 13 గిగాబైట్లు. దానిని సొంత యంత్రములోనికి దించుకొనుటకే 20 నిమిషములు పట్టెడిది. క్లౌడునందు సయితము పని పరిసరము సిద్ధమగుటకు తొలుత 45 నిమిషములు పట్టగా, దానిని 5 నిమిషములకును, ముందుగనే సిద్ధపరచి యుంచు పద్ధతిచే తుదకు 10 సెకండ్లకును దించిరి. ఖరీదైన యంత్రమును కొనలేని విద్యార్థికి బ్రౌజరొక్కటి చాలును. ఇది సామాన్యమైన మేలు గాదు.

అయినను కాలువనీటిని నమ్మి బావిని పూడ్చుకొన్న రైతు తూము తాళము ఎవరిచేతనున్నదో యడుగక తప్పదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ పద్ధతియందు, ప్రతి పనివాని యంత్రముననును కోడుయొక్క పూర్తి ప్రతి, దాని చరిత్రతో సహా, నిలిచి యుండెడిది. ఆ ప్రతియే పనివాని బావి. కార్యశాల క్లౌడునకు పోయిన పిదప సొంత యంత్రమున మిగులునది తెరమీది బొమ్మ మాత్రమే.

ఈ భయము ఊహాజనితము గాదు. అమెరికా ఆంక్షల కారణమున గిట్‌హబ్ 2019 జులైలో ఇరాను, సిరియా, క్రిమియా వాసులకు ఆంతరంగిక భాండారములను మూసివేసినది; ఇరానీయులకు అవి మరల పూర్తిగా దక్కినది 2021 జనవరిలో. వారు చేసిన నేరమేమి? ఆ దేశమున నుండుట! మన దేశముననే 2025 జులైలో, ఐరోపా ఆంక్షలకు లోనైన నయారా ఎనర్జీ సంస్థకు మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేయగా, ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చినది. కొలది దినములలో సేవలు పునరుద్ధరింపబడినవి, నిజమే. గిట్‌హబ్‌ను 2018లో కొన్నది ఆ మైక్రోసాఫ్టే. ఆంక్షలమాట యటుండ, వర్తకుని యిష్టమును వేరొకటి కలదు: అమెజాను తన క్లౌడ్9 కార్యశాలలోనికి క్రొత్తవారి ప్రవేశమును 2024 జులైలో ఆపివేసినది.

సర్వరులు హైదరాబాదుననే యున్నవి గదా యని కొందరందురు. అమెజాను 2022 నవంబరులో ఇచట తన కేంద్రమును తెరచిన మాట వాస్తవము. కాని గోడలు మన నేలపై నున్నంతమాత్రమున యాజమాన్యము మనది కాజాలదు.

క్లౌడును బహిష్కరింపుడని మేము చెప్పుటలేదు. పని పరిసరమును వర్ణించు డెవ్‌కంటైనర్ పత్రమునకు బహిరంగ ప్రమాణము కలదు. దానితో అట్టి పరిసరమునే డాకరు సాయమున సొంత యంత్రముపైనను నిలుపుకొనవచ్చును. కోడు ప్రతి నొకదానిని స్వాధీనమున నుంచుకొని, మూడు మాసముల కొకసారియైన సొంత యంత్రములపై కార్యశాలను నిలిపి చూపవలెనను షరతును, సాఫ్ట్‌వేరు పనులకు ఒప్పందములు వ్రాయునపుడు మన రెండు తెలుగు ప్రభుత్వములును చేర్చవలెను. ఇందులకగు వ్యయము స్వల్పము.