ముందు పరుగెత్తి చూడండి

ఈ వారం ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రన్నర్లకు పనికొచ్చే కొత్త వస్తువుల పోటీ పెట్టి, నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. పిల్లలు చురుకైనవాళ్లే. త్రీడీ ప్రింటర్‌లో తీసిన డబ్బాలు, వాటిలో సెన్సర్లు, వాటిని ఫోనుకు కలిపే యాప్‌లు. అడుగులు లెక్కపెట్టేదొకటి, చెమట కొలిచేదొకటి, "ఇక చాలు, ఆగు" అని మాట్లాడే పట్టీ మరొకటి. దీన్ని కట్టుకుని పరుగెత్తి చూశారా అంటే మాత్రం ఒక్క జట్టు తప్ప అందరూ దిక్కులు చూశారు.

ఆ ఒక్క జట్టుకే చివరి స్థానం ఇచ్చారు. నా కడుపుమంట అదీ.

వాళ్లు చేసింది చీలమండకు తొడుక్కునే ఎలాస్టిక్ పట్టీ. దాని మీద రేడియం టేపు, లారీలకు అంటించే రకం కాదు, బట్ట మీద కుట్టేది. ఎలాస్టిక్ సాగుతుంది, టేపు సాగదు. పొడుగునా కలిపి కుడితే పట్టీ బిగుసుకుపోయి కాలెక్కదు. అందుకని టేపును వేలెడంత ముక్కలుగా కత్తిరించి ఎడమెడంగా కుట్టారు. మొదట వెల్‌క్రో పెట్టారట. దాని గరుకంచు చర్మాన్ని కోసింది, సాక్సు దారాల్ని పీకింది. తీసేశారు. ఇవన్నీ పరుగెత్తితే తప్ప తెలిసే సంగతులు కావు. నా పక్కనున్న పెద్దమనిషి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని "ఇందులో టెక్నాలజీ ఏముందమ్మా?" అన్నారు.

స్పోర్ట్స్ బ్రాలో ఏముంది మరి? 1977లో అమెరికాలోని బర్లింగ్టన్ ఊళ్లో లీసా లిండాల్‌కు మామూలు బ్రాతో పరుగు నరకంగా ఉండేది. నాటకాలకు దుస్తులు కుట్టే పాలీ స్మిత్, ఆమె సహాయకురాలు హిండా మిల్లర్ తోడయ్యారు. కుట్టిన నమూనాలు కుదరక, చివరికి మగ ఆటగాళ్లు లోపల వేసుకునే సపోర్టర్లు రెండు తెచ్చి కలిపి కుట్టారు. భుజాల మీంచి జారకుండా పట్టీల్ని వీపు మీద కలిపారు. ఒరుసుకోకుండా కుట్లను బయటికి తిప్పారు. లీసా వేసుకుని పరుగెత్తుతుంటే, హిండా ఎదురుగా వెనక్కి పరుగెత్తుతూ ఎక్కడ కదులుతోందో చూసింది. అదే వాళ్ల ప్రయోగశాల. 1979లో పేటెంట్ వచ్చింది. 2022లో ముగ్గురినీ అమెరికా జాతీయ ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. మన పోటీకి వచ్చి ఉంటే యాప్ ఏదని అడిగి పంపేసేవాళ్లం.

యాప్ కావాలంటే ఫోను కావాలి, ఫోనుకు జేబు కావాలి. ఆడవాళ్ల బట్టలకు జేబులుండవన్న గోడు ఈ శీర్షికలో ఇదివరకే వెళ్లబోసుకున్నాను, మళ్లీ వెళ్లబోసుకుంటాను. పొద్దున్నే పార్కు దగ్గర చూడండి, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఇంటి తాళాలు పట్టుకుని పరుగెత్తే ఆడవాళ్లే. టైలరును జేబు అడిగితే "లావుగా కనబడతారు మేడం" అంటాడు. ఎవరికి కనబడతానో నేను చూసుకుంటాను, నువ్వు కుట్టవయ్యా! మళ్లీ ఆ ఫోనులోనే యాప్ పెట్టుకోమంటున్నారు ఈ మేధావులు.

అసలు మన దగ్గర పరుగెత్తేదెవరు? ఆదివారం మారథాన్‌లో టీషర్టులు పంచుకునేవాళ్లు మాత్రమేనా? శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా తెల్లారకముందే రోడ్డెక్కేది ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లలు. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. అగ్నివీర్‌కు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితేనే 60కి 60 మార్కులు. చీకట్లో, నల్ల ట్రాకుప్యాంట్లతో, లారీల పక్కన వాళ్లు సాధన చేస్తారు. వాళ్లకు గుండె వేగం చెప్పే గడియారం కన్నా ముందు డ్రైవరు కంటికి ఆనడం ముఖ్యం. ఛాతీ మీద మెరిసే పట్టీ కన్నా, చీలమండ దగ్గర కిందికీ మీదికీ ఆడే పట్టీ అక్కడున్నది మనిషని త్వరగా చెబుతుంది. ఆఖరున నిలిచిన ఆ జట్టులో ఒకమ్మాయి తమ్ముడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. పట్టీ కట్టి చూసింది వాడి కాలికే.

అయినా ఆ పిల్లలు హైవే మీదే ఎందుకు పరుగెత్తాలి? ఊళ్లో స్కూలు గ్రౌండు ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది. తాళం లేని మైదానాన్ని సభలకూ ఎగ్జిబిషన్లకూ ఇస్తారు. టెంట్లు పీకాక గుంతలూ మేకులూ మిగులుతాయి. పూడ్చే నాథుడుండడు. పతకాలు తెచ్చినవాళ్లకు శాలువా కప్పడానికి మాత్రం అందరూ వస్తారు. తెల్లవారుజామున 4 నుంచి 7 దాకా ప్రభుత్వ స్కూలు గ్రౌండ్ల గేట్లు తీయించి, రెండు లైట్లు వేయిస్తే చాలు. దీనికి ఏ స్టార్టప్పూ అక్కర్లేదు. కలెక్టర్లు ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.

అది జరిగేదాకా, పిల్లలూ, రోడ్డుకు కుడివైపున, వాహనాలకు ఎదురుగా పరుగెత్తండి. తెల్లవారుజామున బండి తీసే పాఠకులారా, ఎదురుగా ఎవరైనా పరుగెత్తుకొస్తుంటే లైటు డిప్ చేయండి.