తారు రోడ్డా... ఏటిగట్టా?

"మావయ్యా... సన్న టైర్లది కొనమంటావా, లావు టైర్లదా?"

అమలాపురం నుంచి మా మేనల్లుడి ఫోను. ఇంటర్ పాసైతే గేర్ల సైకిలు కొనిస్తానని వాళ్ల నాన్న మాటిచ్చాడు. వాడు పాసయ్యాడు. బావ మాట తప్పే మనిషి కాదు గానీ, ఏది కొనాలో తేల్చే పూచీ నా నెత్తిన పెట్టాడు. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని మావాళ్ల నమ్మకం!

సన్న టైర్లంటే రోడ్డు సైకిలు. లావు టైర్లంటే మౌంటెన్ బైకు. పేరులోనే కొండ ఉంది. కోనసీమలో కొండ ఎక్కడుంది? గౌతమికీ వశిష్ఠకీ మధ్య చాప పరిచినట్టుండే నేల. మనకున్న ఎత్తల్లా ఏటిగట్లూ, వంతెనలే. వాడికి అదే చెప్పి ఫోను పెట్టేయొచ్చు. కానీ ఆ ప్రశ్న నన్నో పట్టాన వదల్లేదు.

రెండు రకాల సైకిళ్లతోనూ మజిలీల రేసులు జరుగుతాయి. రోజుకో మజిలీ. అన్ని రోజుల సమయమూ కలిపితే ఎవరిది తక్కువైతే వాళ్లే విజేత. లెక్క ఒకటే. ఆట మాత్రం ఒకటి కాదు.

రోడ్డు మీద అసలు శత్రువు గాలి. నమ్మకపోతే ఓ సాయంత్రం రాజోలు వైపు నుంచి సైకిలేసుకుని దిండి-చించినాడ వంతెన ఎక్కండి. కింద వశిష్ఠ అందంగానే ఉంటుంది. ఎదురుగాలి మొదలైతే మాత్రం ఎవరో గుండెల మీద చెయ్యేసి వెనక్కి నెడుతున్నట్టుంటుంది. అప్పుడే ముందు కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి నింపాదిగా పోతోందనుకోండి. దాని చాటుకి చేరగానే పెడళ్లు వాటంతటవే తిరుగుతాయి. (ప్రమాదం, మీరు చేయకండి. నేను చేశాను కాబట్టి చెబుతున్నా.)

టూర్ డి ఫ్రాన్స్ మొత్తం ఈ చాటు మీదే నడుస్తుంది. 21 మజిలీలు, సుమారు 3,400 కిలోమీటర్లు. ముందువాడి చాటున వెళ్తే దాదాపు మూడో వంతు శ్రమ కలిసొస్తుంది. అందుకే అందరూ తేనెపట్టులా గుంపుగా కదులుతారు. ఒక్కో జట్టుకి ఎనిమిది మంది. అందులో నాయకుడు ఒక్కడే. మిగతా ఏడుగురూ అతనికి గాలి అడ్డం కాస్తారు. వెనక వచ్చే కారు దగ్గరికెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో దోపుకుని తెస్తారు. అతని చక్రం పాడైతే తమది ఊడదీసి ఇచ్చేస్తారు. వాళ్లకి 'డొమెస్టిక్' అని పేరు. ఫ్రెంచిలో ఆ మాటకి ఇంటి పనివాడని అర్థం! పల్లకీ మోసేవాళ్లు ఏడుగురు, పెళ్లికొడుకు ఒక్కడు. గుంపులో వచ్చినవాళ్లందరికీ ఒకే సమయం వేస్తారు కాబట్టి ఒక్కోసారి మూడు వారాలు తొక్కినా తేడా సెకన్లలోనే ఉంటుంది. 1989లో గ్రెగ్ లెమాండ్ గెలిచింది ఎనిమిది సెకన్లతో.

మట్టి బాటలో ఈ పప్పులేం ఉడకవు. ఎక్కుడులో వేగమే ఉండదు, ఇక గాలి చాటు ఎందుకు? దిగుడులో ముందువాడికి అంటుకుని పోతే అడ్డొచ్చే రాయి కనపడదు. ఇక్కడ శత్రువు నేల. టైరు ఐదారు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. అందులో గాలి కావాలనే తక్కువ కొడతారు, మెత్తగా నేలని పట్టుకుని నడవాలని. మన రిక్షావాళ్లు చూస్తే గాలి దిగిందనుకుని పంపు పట్టుకొస్తారు. ఆ బాటల్లోకి జట్టు కారు రాలేదు. చైను తెగినా, టైరు చిరిగినా జేబులో ఉన్న పనిముట్లే దిక్కు.

1970లలో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత బండ సైకిళ్లేసుకుని కొండ మీంచి మట్టి దారిలో దూసుకొచ్చేవాళ్లు. కిందికొచ్చేసరికి బ్రేకుల్లోని గ్రీజు కాలి పొగయ్యేది. మళ్లీ గ్రీజు కూరితేగానీ సైకిలు పనికొచ్చేది కాదు. అందుకే ఆ రేసుకి 'రీప్యాక్' అని పేరు. అలా మొదలైన ఆట 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కి ఎక్కింది. రోడ్డు రేసైతే సరిగ్గా వందేళ్ల ముందే, 1896 ఏథెన్స్‌లోనే ఉంది. మన దేశంలో 2005లో మొదలైన ఎమ్‌టీబీ హిమాలయ ఈ మట్టి బాటల కోవలోదే. హిమాచల్ కొండదారుల్లో రోజుల తరబడి సాగే రేసు.

తమాషా ఏంటంటే, ఒకప్పుడు ఈ రెండు ఆటలూ ఒక్కటే. టూర్ డి ఫ్రాన్స్‌ని 1903లో పెట్టింది ఓ పత్రిక. సర్క్యులేషన్ కోసం! (మా వృత్తివాళ్ల బుర్రలు అప్పుడూ అంతే.) ఆ రోజుల్లో కొండ కనుమల్లో తారు లేదు, సాయమూ లేదు. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ అనే ఆయన టుర్మలే కనుమ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కింద ఊళ్లో కమ్మరి కొలిమి చేరాడు. ఇనుము కాల్చి, తనే సమ్మెట పట్టుకుని అతుకు వేసుకున్నాడు. నిర్వాహకులు పక్కనే నిలబడి చూశారు తప్ప చెయ్యి వేయలేదు. పైగా కొలిమి తిత్తి ఊదింది వేరే పిల్లాడని శిక్ష వేశారు! రేసుకి పసుపు చొక్కా వచ్చింది 1919లో. దాన్ని మొదట తొడుక్కున్నదీ ఈ క్రిస్టోఫే. ఆ ఏడు కూడా ముందంజలో ఉండగానే మళ్లీ ఫోర్కు విరిగింది. టూరు మాత్రం ఆయన ఎప్పుడూ గెలవలేదు.

దారులకి తారు పడింది, వెనక కారు వచ్చింది, రోడ్డు రేసు మర్యాద నేర్చింది. క్రిస్టోఫ్ పడ్డ పాట్లు మౌంటెన్ బైకులవాళ్ల వాటాకి వచ్చాయి.

దక్షిణాఫ్రికాలో 2004 నుంచి కేప్ ఎపిక్ అని ఓ మజిలీల రేసు జరుగుతోంది. ఎనిమిది రోజులు, దాదాపు 600-700 కిలోమీటర్లు, అంతా మట్టీ రాళ్లే. జట్టుకి ఇద్దరే. దారి పొడవునా ఆ ఇద్దరి మధ్య రెండు నిమిషాలకి మించి ఎడం ఉండకూడదు. మించితే శిక్ష. జట్టు సమయం లెక్కేసేది రెండోవాడు గీత దాటాకే. బలమున్నవాడు ముందెళ్లి చేసేదేం లేదు, రెండోవాడి కోసం ఆగాల్సిందే. రోడ్డు మీద ఏడుగురు ఒక్కడి కోసం ఆగుతారు. ఇక్కడ గట్టివాడు బలహీనుడి కోసం ఆగుతాడు. నాకు ఈ రెండు నిమిషాల నిబంధన టూరు పసుపు చొక్కా కంటే ఎక్కువ నచ్చింది. కారణం మా బాబాయి.

కొత్తపేట దగ్గర లంక చేలో మా బాబాయికి అరటితోట ఉండేది. నా చిన్నప్పుడు తెల్లారగట్ల గెలలు సైకిలుకి రెండు వైపులా కట్టుకుని రావులపాలెం మార్కెట్‌కి తీసుకెళ్లేవాడు. తోడు పక్క చేనాయన. చేలోంచి పుంత రోడ్డున ఏటిగట్టు దాకా వచ్చేవాళ్లు. గట్టు ఎక్కడం ఒక్కడి వల్ల కాదు. ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే ఇంకొకరు వెనక నుంచి నెట్టాలి. ఒక సైకిలు పైకి చేర్చి, కిందికి దిగి, రెండోది ఎక్కించేవాళ్లు. అవతల దిగేటప్పుడు బాబాయి ఒళ్లంతా వెనక్కి వేసి, మడమలు నేలకి తన్నిపెట్టి సైకిల్ని ఆపుకుంటూ దిగేవాడు. మౌంటెన్ బైకు శిక్షకులు నేర్పేదీ అదే, దిగుడులో బరువు వెనక్కి వేయమని. గట్టు దిగి తారు ఎక్కాక చూడాలి. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, గాలి చాటు మార్చుకుంటూ ఝామ్మని పోయేవాళ్లు. రెండు ఆటలూ ఒకే పూట!

కేప్ ఎపిక్ నిబంధన చెబితే బాబాయి ఆశ్చర్యపోయాడు.

"దానికి రూలెందుకురా? ఆగకపోతే గట్టెవడు ఎక్కిస్తాడు?"

మేనల్లుడికి చివరికి నేను చెప్పింది ఇదీ: కాలేజీకే అయితే సన్న టైర్లు చాలు, అసలు మామూలు సైకిలైనా చాలు. వాడు లావు టైర్లదే కొన్నాడు. స్నేహితుడూ అదే కొన్నాడట. అడగడం ఎందుకో మరి!

పోయిన వానాకాలం ఇద్దరూ బాబాయి ఇంటికి ఏటిగట్టు మీంచి బయల్దేరారు. స్నేహితుడు ముందొచ్చాడు, మోకాళ్ల దాకా బురద, ముఖం నిండా గెలిచిన నవ్వు.

"మావాడేడ్రా?" అన్నాడు బాబాయి.

"వెనకాల వస్తన్నాడు తాతయ్యా. చక్రం తిరగట్లేదంట."

బాబాయి వాణ్ని అరుగు మీద కూర్చోనివ్వలేదు. మంచినీళ్లు కూడా తర్వాతే అన్నాడు. వాడు గొణుక్కుంటూ గట్టు వైపు వెళ్లాడు. అరగంటకి ఇద్దరూ వచ్చారు, సైకిలు చెరో వైపూ పట్టుకుని మోసుకుంటూ. ఒండ్రు మట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య సిమెంటులా బిగుసుకుపోయింది. బాబాయి పెరట్లోంచి ఎండు కొబ్బరి మట్ట తెచ్చి, కత్తితో చివర చెక్కి వాళ్ల చేతికిచ్చాడు, గోక్కోమని.