పుట్టినిల్లును పూటకూటి యిల్లును



గతమాసమున కూరల వరుగులను గూర్చి మేము వ్రాసినది చదివి యుత్తరములు వ్రాసిన సోదరీమణులకు వందనములు. ఈ మాసమొక ప్రయాణమును గూర్చి వ్రాయుచున్నాము. ఇది కేవలము వినోదమునకై చేసినది కాదు. మా పుట్టినింటి చిక్కొకటి తీరక, దానికి దారి వెదకుచు చేసినది.

మా పుట్టినిల్లు కోనసీమలో నొక పల్లెయందున్నది. నాలుగువైపుల వసారాలును, నడుమ ఆకాశము కానవచ్చు మండువయు గల పెంకుటిల్లు. మా ముత్తాతగారి నాడు కాకినాడ రేవున దిగిన రంగూను టేకుతో దాని స్తంభములు చేయించిరట. ఇప్పుడా యింట మా అమ్మగారొక్కరే యున్నారు. పెద్దన్నయ్య హైదరాబాదునను, చిన్నన్నయ్య అమెరికాలో డాలసునను స్థిరపడిరి. పోయిన వానకాలమున పడమటి వసారా కొంత కూలినది. కలపవర్తకుడొకడు వచ్చి ద్వారబంధములను స్తంభములను కొలిచి, మంచి ధర యిత్తునని చెప్పిపోయెను. పెద్దన్నయ్య అమ్మివేయుదమనెను. చిన్నన్నయ్యయో, యిల్లు బాగుచేయించి, నాలుగు గదులు అతిథులకిచ్చి, మన గోదావరి వంటకములతో భోజనము పెట్టి వెల తీసికొందమనెను. అమ్మగారు చెవులు మూసికొని, "మా అత్తగారు అడిగినవారికెల్ల అన్నము పెట్టిన యిల్లిది. ఇందు అన్నమమ్ముటకంటె ఇది కూలుటయే మేలు" అనిరి. తుదకు ముగ్గురును మా మాట యేమని యడిగిరి.

మాకు వెంటనే మాట రాలేదు. అన్నవిక్రయము కలిలక్షణమని మన పెద్దలు చెప్పగా మేమును విన్నవారమే. మా గోదావరిసీమలో డొక్కా సీతమ్మగారు (1841–1909) పగలనక రాత్రియనక వచ్చినవారికెల్ల అన్నము పెట్టి అపరాన్నపూర్ణ యనిపించుకొనిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరే పెట్టినది. అట్టి సీమలో పుట్టి అన్నమునకు వెల కట్టుటెట్లు? కాని, మన కావ్యములలోనే పూటకూటి యిండ్లును గలవు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి యింట రూక యిచ్చినవారికి దొరకు పసందైన భోజనపు వర్ణన యున్నది. పూటకూళ్ళమ్మ లేనిదే కన్యాశుల్కమే లేదు. దిక్కులేని స్త్రీ లెందరో పొయ్యిని నమ్ముకొని బ్రదికిరి. దానిని పాపమనుట మా నోటికి రాలేదు.

దసరా సెలవులలో మావారికి శ్రీవిల్లిపుత్తూరు చూడవలెనను చిరకాలపు కోరిక తీరు అవకాశము కలిగినది. వారు బడిలో తెలుగు చెప్పువారు. ఆముక్తమాల్యద జరిగిన యూరు చూడకుండుట వారికొక వెలితి. అచ్చట స్వామిని, గోదాదేవిని సేవించి, మధుర మీదుగా కారైక్కుడికి పోయితిమి. అచ్చటి చెట్టినాటు సీమలో పాత భవనములను కుటుంబములే అతిథిగృహములుగా నడుపుచున్నవని విని, మా ప్రశ్న కచ్చట బదులు దొరకునేమో యని మా చీటీ సొమ్ము తీసి రెండు రాత్రులు దిగితిమి. దాని కయిన వ్యయము మా యింటి నెల వెచ్చములకు సమానము. ఈ మాట దాచుట న్యాయము కాదు.

నాటుకోట్టై చెట్టియార్లు, అనగా నగరత్తార్లు, బర్మా, సింహళము, మలయా దేశములలో వడ్డీవ్యాపారము చేసి ధనము గడించి, స్వగ్రామములలో ఈ భవనములు కట్టించిరి. బర్మా టేకు, ఇటలీ చలువరాయి, బెల్జియము అద్దములు ఓడలపై తెప్పించిరి. సున్నములో గ్రుడ్డు తెల్లసొనయు, కరక్కాయయు కలిపి మెరుగుపెట్టిన గోడలు నేటికిని అద్దమువలె నున్నవి. నేలపై పలకలు ఆత్తంగుడి యను ఊరిలో గాజుపలకపై రంగులు పోసి, చేతితో చేయునవి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుటతో ఆ సంపదకు మూలమే తెగినది. మనసీమనుండి రంగూనుకు పోయిన తెలుగు కూలివారును ఆనాడే కాలినడకను తిరిగివచ్చిరి. పిదప ఈ భవనములకు వారసులు పెరిగి, తలకొక దిక్కునకు పోగా, పెండ్లిండ్లకు తప్ప తాళము తీయని యిండ్లు మిక్కుటమైనవి.

మేము దిగిన యింటి యజమానురాలు డెబ్బదియేండ్ల పెద్దమ్మ. అచ్చట గౌరవముగ స్త్రీలను ఆచ్చి యందురు. కోడలు లెక్కలు చూచును, కుమారుడు సరకులు తెచ్చును. గదులు ఎనిమిదే. ఆ పూట వంటకములివి యని ఉదయముననే చెప్పుదురు. భోజనమునకు ఎందరు కూర్చుందురో అడిగి, అందరికే వండుదురు.

మొదటినాటి మధ్యాహ్నము మండువ ప్రక్క వసారాలో బల్లలపై అరటియాకులు పరచిరి. శాకాహారులమని ముందే చెప్పియుంటిమి. కూట్టు, వేపుడు, పప్పు, మండి, వత్తల్ కుళంబు, చారు, పెరుగు వరుసగ వచ్చినవి. మండి యనగా బియ్యము కడిగిన నీటిలో చింతపండు పిసికి, బెండకాయలు, చిన్న యుల్లిపాయలు వేసి కాచిన పులుసు. మనము కుడితితొట్టిలో పోయు నీటితో అంత రుచి పుట్టునని మేమెరుగము. మసాలాలో అనాసపువ్వు, రాతిపువ్వు, మరాఠీమొగ్గ వాసన తెలియుచుండెను గాని ఒకటి మరియొకదానిని మింగివేయలేదు. తుదను కవునియరిసి వడ్డించిరి. నల్లబియ్యమును రాత్రి నానబెట్టి, ఆ నీటితోనే మెత్తగ నుడికించి, చక్కెర, నేయి, కొబ్బరికోరు కలుపుదురు. ఆ బియ్యము తమ పెద్దలు బర్మానుండి తెచ్చినదని ఆచ్చి చెప్పెను.

పెండ్లియైన ఈ పదునాలుగేండ్లలో, పండుగపూట ఇంటిలో ఇతరులకు వడ్డింపక మునుపు మేము విస్తరిముందు కూర్చుండి యెరుగము. మావారి యాకు మీద కూట్టు తరిగినంతనే మాకు తెలియకయే లేచి గిన్నె కొరకు చేయి చాచితిమి. ఆచ్చి వెనుకనుండి వచ్చి, మా భుజముపై చేయివేసి కూర్చుండబెట్టెను. మాటలేమియు లేవు. మాకేలనో కన్నులు చెమర్చినవి. మా అమ్మాయి చూచి, "కారముగానున్నదా అమ్మా?" అని యడిగినది. అవునంటిమి.

అంతలో వాన పట్టినది. మండువలో ధారలు పడుచుండగా మేము వరుగుల పులుసు కలుపుకొనుచుంటిమి. వానకాలమున విష్ణుచిత్తుడు అతిథులకు వరుగులతో, వడియములతో అన్నము పెట్టిన ఘట్టమును మావారు జ్ఞాపకము చేసిరి. అందు రాయలవారు చెప్పిన సంగతులలో మాకు మిక్కిలి ప్రియమైనదొకటి గలదు. కట్టెలు తడిసిన ఆ దినములలో వండు భార్య కన్నులకు పొగ సోకకుండ కొబ్బరి పొరియలతో పొయ్యి రాజవేయుదురట. అతిథి విస్తరిని వర్ణించిన కవులు పెక్కురు. వండినదాని కన్నులను తలచినవారు అరుదు. ఆ మాట తలపునకు రాగానే మాకు వంటయిల్లు చూడవలెననిపించినది.

ఆచ్చి సంతోషముతో తీసికొనిపోయెను. కోడలు ఇంగ్లీషున చెప్పగా మావారు మాకు తెనిగించిరి. వెనుకటి ముంగిటిలో వరుసగా పాత పొయ్యిగదులున్నవి. నగరత్తార్లలో కొడుకునకు పెండ్లియైనంతనే, ఒకే కప్పుక్రింద నున్నను, ఆ దంపతులకు వేరు పొయ్యి, వేరు లెక్క. ఆ జంటనొక పుళ్ళిగా నెంచి గుడి చందాలు వేయుదురు. పెండ్లిండ్లకు, చావులకు అందరు నొక్కటియే. లెక్క వ్రాసికొన్నంత మాత్రమున ప్రేమ తరిగిపోదని వారెప్పుడో కనుగొనిరి కాబోలు!

ఇప్పటి వంటయింట గ్యాసు పొయ్యిలును, పొగ లాగు గొట్టమును గలవు. వండు స్త్రీలు అయిదుగురు. మూడుగంటల వేళ వారును ఆకులు వేసికొని కూర్చుండిరి. అతిథులకు పెట్టినవే, కవునియరిసితో సహా, వారికిని వడ్డించుకొనిరి. మాకు మనసు నిండినది. కాని గిన్నెలు తోము వృద్ధురాలు మాత్రము పెరటి గుమ్మముకడ నిలిచియే తిన్నది. ఆ సంగతి మేము ఆచ్చితో ననలేకపోయితిమి. అతిథిగా పోయి ఇంటివారి తప్పెన్నుటకు నోరాడలేదు. అనవలసినదేమో యని యిప్పటికిని ఆ ముసలమ్మ ముఖము కన్నులగట్టుచున్నది.

ఆ సాయంకాలము ఆచ్చిని మా అమ్మగారి ప్రశ్నయే యడిగితిమి: అన్నమునకు వెల తీసికొనుట మీకు కష్టముగ లేదా? ఆమె నవ్వి యిట్లనెను: "ఇల్లు మూసియున్న యేండ్లలో చెదలకు ఊరకనే పెట్టుచుంటిమి. ఇప్పుడు మనుష్యులకు పెట్టి, వారిచ్చినదానితో గోడలకు సున్నము వేయించుచున్నాము. మొదటి బిల్లు వ్రాసిననాడు నాకును అన్నము సహింపలేదు. ఇంటికి తాళమువేసిననాడు అంతకంటె సహింపలేదు."

మరునాడు ఊరిలో పాతసామానుల అంగళ్ళవీథికి పోయితిమి. కూల్చిన భవనముల తలుపులు, స్తంభములు, పింగాణిపూత గిన్నెలు, దేవుళ్ళ పటములు అచ్చట అమ్మకమునకు పెట్టుదురు. ఒక గోడకు ద్వారబంధమొకటి చేరవేసియుండెను. దాని గడపపై పసుపు ఇంకను పోలేదు, కుంకుమబొట్ల మరకలు వరుసగ కానవచ్చుచుండెను. ప్రక్కనే సుద్దతో ధర వ్రాసిరి. ఏ యిల్లాలో ఎన్ని శుక్రవారములు వంగి పూసిన పసుపది! అన్నమునకు వెల కట్టరాదన్న మేము ఈ గడపకు వెల కట్టుట కొప్పుకొందుమా? అచ్చటనే మా మాట మాకు స్పష్టపడినది.

ఇంటికి వచ్చి అన్నయ్యలకు జాబు వ్రాసితిమి. స్తంభములు అమ్మరాదు. ముందు పడమటి వసారా కప్పు వేయించి, అప్పు చేయక, రెండు గదులతో మాత్రమే ఆరంభింపవలెను. 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి అనుమతి పొందిన పిదపనే పొయ్యి వెలిగింపవలెను. అమ్మగారు వంటకు కూర్చుండరాదు, రుచి చెప్పుటయే వారి పని. వండువారును తోమువారును అతిథులు తిన్నవే, కూర్చుండి తినవలెను. ఈ తుదిమాట క్రింద రెండు గీతలు గీసితిమి.

అమ్మగారికి మాత్రము జాబు చాలదని స్వయముగ పోయి, అంతయు వినిపించితిమి. గడప సంగతి చెప్పునపుడు వారు లేచిపోయి, మన గడపకడ చాలసేపు కూర్చుండిరి. పిదప నిట్లనిరి: "సరే. వచ్చినవారికి వెల చెప్పుకొనుడు. కాని ఆకలియని వచ్చినవానికి చెప్పరాదు. మా అత్తగారి పేర దినమున కొక విస్తరి లెక్కలో చేరదు."

పెద్దన్నయ్య ఇంకను పూర్తిగ సమ్మతింపలేదు. సంక్రాంతివరకు కలపవర్తకునికి మాట యియ్యనని మాత్రము చెప్పెను. కప్పునకు పెంకు దిగినది. ఇల్లు నిలుచునో, నిలువదో, కాలమే చెప్పవలెను. పాత యిండ్లను ఇట్లు నిలుపుకొనిన సోదరీమణులెవరైన నున్నచో, తమ యనుభవమును, ముఖ్యముగ తమ నష్టములను, మాకు వ్రాసి పంపుడు. వచ్చుమాసమున వానిని ఇందే ప్రకటింతుము.