హజ్రత్ అలీ (రజి) అడిగించిన ప్రశ్న



కొన్నేళ్ల క్రితం మా మదరసాలో హిఫ్జ్ చదువుతున్న 13 ఏళ్ల బాలుడొకడు ఇషా నమాజు తర్వాత కడుపునొప్పి అంటూ నా దగ్గరకు వచ్చాడు. వాంతులు కూడా అయ్యాయి. వాము నీళ్లు తాగించి పడుకోమన్నాను. ఫజ్ర్ వేళకు నిలబడలేకపోయాడు. తండ్రిని పిలిపించి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. నొప్పి మొదలైంది వృషణంలో అని అక్కడ తెలిసింది. రక్తనాళాలున్న తాడు మెలిపడి, వృషణానికి రక్తప్రసరణ ఆగిపోయింది. సుమారు 6 గంటలలోపు శస్త్రచికిత్స జరిగితే దానిని చాలావరకు కాపాడవచ్చు. మేము చేరేసరికి ఆ గడువు దాటిపోయింది. దానిని తొలగించక తప్పలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు బాబూ?" అని తర్వాత అడిగాను. "సిగ్గేసింది హజ్రత్" అన్నాడు. ఆ మాట నన్ను నేటికీ వెంటాడుతోంది. గుస్ల్, ఇస్తింజా నియమాలను తరగతిలో వివరంగా బోధించేవాడిని. ఆ అవయవాలలో బాధ కలిగితే వెంటనే చెప్పాలని మాత్రం ఒక్కనాడూ బోధించలేదు.

హయా విశ్వాసంలో భాగమే. హజ్రత్ అలీ (రజి)కి మజీ అధికంగా స్రవించేది. దైవప్రవక్త (స) కుమార్తె తన ఇల్లాలు కావడం వల్ల స్వయంగా అడగడానికి ఆయన సంకోచించారు. అయినా సమస్యను దాచుకోలేదు. హజ్రత్ మిఖ్దాద్ (రజి) ద్వారా అడిగించారు. మర్మాంగం కడుక్కొని వుజూ చేసుకోవాలని సమాధానం లభించింది. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ ఉదంతాన్ని ఏటా చదివిస్తూనే ఉన్నాను. దానిలోని ఈ పాఠం మాత్రం ఆ బాలుని వల్లనే నాకు బోధపడింది.

యువకులు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. వృషణాల క్యాన్సర్ అరుదైనదే కాని, అది 15 నుంచి 40 ఏళ్ల మధ్య వయసులోనే ఎక్కువగా కనిపిస్తుంది. తరచుగా నొప్పిలేని గడ్డగానో, వాపుగానో, బరువుగానో మొదలవుతుంది. నొప్పి లేదు కదా అని కొందరు నెలలు గడిపేస్తారు. తొలిదశలో గుర్తిస్తే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. స్నానం చేసేటప్పుడు కొత్త గడ్డ, గట్టిదనం, పరిమాణంలో మార్పు తెలిస్తే వైద్యునికి చూపించండి. వాపులన్నీ క్యాన్సర్ కావు. స్కానింగ్‌తో విషయం చాలావరకు తేలుతుంది. ఒకదానిని తొలగించవలసి వచ్చినా, రెండవది ఆరోగ్యంగా ఉంటే దాంపత్యానికి, సంతానానికి సాధారణంగా ఆటంకం ఉండదు. పెళ్లి సంబంధం చెడిపోతుందన్న భయంతో రోగాన్ని దాచడం తగదు.

తల్లులకూ ఒక మాట. మగబిడ్డకు 6 నెలలు నిండినా వృషణం సంచిలోకి దిగకపోతే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి.

పరాయివాని ముందు సత్ర్ తొలగించడం ఎలా అని కొందరు అడుగుతారు. చికిత్సకు అవసరమైనంత మేరకు వైద్యునికి చూపించడాన్ని ఫుఖహా అనుమతించారు. పురుషునికి పురుష వైద్యుడు దొరికితే మరీ మంచిది. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు.

తండ్రులారా, బిడ్డ మీతో చెప్పడానికి సిగ్గుపడవచ్చు. మామూతోనో, చాచాతోనో, ఉస్తాద్‌తోనో చెప్పమనండి. ఇంట్లో ప్రతి బాలునికీ ఒక మిఖ్దాద్ ఉండాలి. అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు.

ఆ బాలుడు నేడు హాఫిజ్. రంజాన్‌లో తరావీహ్ చదివిస్తున్నాడు. ఆ హదీసు పాఠం వచ్చిన రోజున నేను పుస్తకం మూసి, ఈ సంగతులన్నీ విద్యార్థులకు విడమరచి చెబుతున్నాను.

అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్ని, మనకు వారి బాధను వినే ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.