పట్నం తీసేసి లెక్క చెప్పండి

ఈ పోస్టు కొంచెం పొడవే. లెక్కలుండాయి, నిదానంగా చదవండి.

టీవీలో చర్చ పెడితే చాలు, ఒకటే పాట. హైదరాబాద్ పోయింది కాబట్టి ఆంధ్రా చిన్నదైపోయింది, మళ్ళీ అట్లాంటి మహానగరం ఒకటి లేస్తే తప్ప మనకు బతుకు లేదు అని. 2014 నుంచి ఇదే వింటా ఉండాం. ఇప్పుడు మన ఊర్లలో టీ అంగడి కాడ కూడా ఇదే మాట. నేను అడిగేది ఒకటే. ఆ పట్నాన్ని పక్కన పెట్టి మిగిలిన రాష్ట్రం ఎట్లుందో ఎవరన్నా చూసినారా?

మన చేతిలో ఉండేది 2011 జనాభా లెక్కే. 2021లో జరగాల్సింది జరగలేదు. ఆ లెక్క ప్రకారం తెలంగాణ 3.5 కోట్లు. అందులో హైదరాబాదు, దానికి అతుక్కున్న ఊర్లు కలిపి 77 లక్షల పైన. తీసేస్తే మిగిలేది 2.73 కోట్లు. నూటికి 22 మంది ఒక్క పట్నంలోనే ఉండారన్నమాట. కర్ణాటక 6.11 కోట్లు, బెంగళూరు 85 లక్షలు తీస్తే 5.26 కోట్లు. తమిళనాడు 7.21 కోట్లు, చుట్టుపక్కలతో కలిపి మద్రాసు 86 లక్షల పైన, అది తీస్తే 6.35 కోట్లు. మనది 4.95 కోట్లు. మనకు అంత పట్నమే లేదు, ఉండేవాటిలో పెద్దవి విశాఖ 17 లక్షలు, విజయవాడ చుట్టుపక్కలతో 15 లక్షలకు దగ్గర. రెండూ తీసేసినా 4.6 కోట్లకు పైనే నిలబడతాం.

ఇప్పుడు పోల్చండి. పట్నాలతో చూస్తే కర్ణాటక మనకన్నా 1.16 కోట్లు ఎక్కువ. పట్నాలు తీస్తే ఆ తేడా దగ్గర దగ్గర సగానికి దిగిపోతుంది. తెలంగాణకూ మనకూ ఉండే తేడా 1.45 కోట్ల నుంచి 1.9 కోట్లకు పెరుగుతుంది. పల్లెల్లో, చిన్న టౌన్లలో బతికే జనం లెక్కన మనం చిన్న రాష్ట్రం కానే కాదు. చిన్నది అని మనకు మనమే చెప్పుకుంటా ఉండాం.

ఈ తీసివేత మనకు కాగితం మీద లెక్క కూడా కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మద్రాసు మనకు దక్కలేదు, కర్నూల్లో గుడారాలేసుకుని మొదలుపెట్టినారు. 2014 జూన్ 2న హైదరాబాదు పోయింది. నడుమ 1960లో మన చిత్తూరు జిల్లా నుంచి తిరుత్తణి కూడా తమిళనాడు పక్క పోయింది. రెండు మార్లు పట్నాన్ని పక్కకు తీసినా మన చెరువులు, మామిడి తోటలు, ఆవులు ఉన్న చోటే ఉండాయి. వాటికేం చేసినారు అనేది అడగాల్సిన మాట. దాన్ని అడగనీకుండా పట్నం మాట ముందర పెడతారు.

పట్నం ఉంటే పక్కనుండే పల్లె బాగుపడుతుందా? మనకు దగ్గరలోనే సాక్ష్యం ఉంది. కోలారు జిల్లా శ్రీనివాసపురం మామిడికి పేరు. బెంగళూరుకు సుమారు నూరు కిలోమీటర్లు. 85 లక్షల జనం ఉండే పట్నం పక్కన పెట్టుకుని, ఆ రైతులు తోతాపురి కాయ ఎక్కడ అమ్ముకుంటా ఉండారు? మన చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల్లో! 2025 జూన్‌లో బయటి కాయ రాకూడదని మన జిల్లాలో ఆపేస్తే వాళ్ళ ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు మన ముఖ్యమంత్రి చంద్రబాబు గారికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఆ కాయను మనం బెంగళూరా అంటాం. పేరు బెంగళూరుది, దిక్కు చిత్తూరు. మన రైతుకైనా ఆ ఏడు సుఖం లేదు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు, ఆ 8 ఎంతమందికి పూర్తిగా అందిందో మీకు చెప్పక్కర్లేదు. అయినా కాయను ఆదుకునేది ఏదన్నా ఉందంటే చిన్న టౌన్ల పక్కనుండే ఫ్యాక్టరీలే, మహానగరం కాదు.

నీళ్ళ సంగతి ఇంకా తమాషా. మద్రాసు దాహానికి 1983లో తెలుగుగంగ ఒప్పందం చేసినారు, 1996లో కృష్ణా నీళ్ళు పూండి చేరినాయి. ఆ కాలువ మన వరదయ్యపాళెం, సత్యవేడు పక్కగానే పోతుంది. ఇటు కోలారు చెరువులకు 2018 నుంచి వస్తా ఉండేది ఏం నీళ్ళు? బెంగళూరు వాడి వదిలేసిన మురుగు, శుద్ధి చేసి పంపుతా ఉండారు. మంచి నీళ్ళు పట్నానికి, పట్నం వాడిన నీళ్ళు పల్లెకు. మన హంద్రీ-నీవా నీళ్ళు కుప్పం పక్కకు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆ పక్క రైతుల్ని అడగండి.

ఇంకొక నష్టం కంటికి కనపడదు. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పన్నుల వాటా పంచేటప్పుడు నూటికి 45 పాళ్ళు తలసరి ఆదాయం తేడాకే పెట్టింది. ఆదాయం ఎక్కువుండే రాష్ట్రానికి వాటా తక్కువ. ఆ ఆదాయం రాష్ట్రమంతా కలిపి తీసిన సగటు. హైదరాబాదులో కంపెనీలోళ్ళ సంపాదన, ఆదిలాబాద్ పత్తి రైతు సంపాదన ఒకే గంపలో పోసి కొలుస్తారు. తెలంగాణ వాటా 2.437 శాతం నుంచి 2.102 శాతానికి దిగడానికి ఇదొక కారణం. పట్నం సంపాదించింది, ఆదిలాబాద్ రైతు కూడా కాగితం మీద షావుకారు అయిపోయినాడు. మనం కోరుకుంటా ఉండేది ఇదేనా?

పట్నమే వద్దని నేననడం లేదు. పన్నులు అక్కడినుంచే ఎక్కువ వస్తాయి, నిజమే. మదనపల్లె టమేటా, మన పాలు, పూలు తినేదీ తాగేదీ పెట్టుకునేదీ పట్నమోళ్ళే. కాకపోతే అంగడికి పోయి సరుకు అమ్ముకోవడం వేరు, ఆ అంగడి మన ఇంట్లోనే కట్టాలని ఉన్న పొలం, ఉన్న అప్పు అంతా దాంట్లో పొయ్యడం వేరు. ఒక మహానగరానికి పోసే దాంట్లో కొంత మదనపల్లె, పలమనేరు, పుంగనూరు, పుత్తూరుకు ఇచ్చి చూడండి. టమేటా కిలో రెండ్రూపాయలకు పడిపోయినప్పుడు రోడ్డు మీద పారబోయకుండా పేస్టు చేసే ఫ్యాక్టరీ, మామిడి కాయకు ముందే రాసిచ్చిన ధర, పిల్లోడు సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలో ఒక పని. తెల్లారకముందే కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి తిరిగొచ్చే వాళ్ళను చూసినారు గదా. వాళ్ళకు కావాల్సింది ఇంకొక బెంగళూరు కాదు.

ఆ 85 లక్షల్లో మనోళ్ళు ఎంతమంది? మా అబ్బోడు కూడా ఉండాడు దాంట్లో. రేషన్ కార్డు ఇక్కడ, ఓటు ఇక్కడ, లెక్క అక్కడ. జనాభా లెక్క రాసేవాళ్ళు కార్డు చూసి రాయరు, మనిషి యాడ కాపురముంటే ఆడ రాసుకుంటారు. మనం పెంచి, చదివించి పంపినాక వాడు వాళ్ళ బలం అవుతాడు. మన పంచాయతీలో తల ఒకటి తగ్గుతుంది. కేంద్రం పంచాయతీలకిచ్చే నిధుల్లో ఏ రాష్ట్రానికెంత అనేది తేల్చేటప్పుడు నూటికి 90 పాళ్ళు జనాభానే చూసింది ఆ 15వ సంఘం.

2027 ఫిబ్రవరిలో మళ్ళీ లెక్కలోళ్ళు వస్తారు. పట్నంలో కాపురముండే పిల్లోళ్ళను ఇక్కడ రాయించమని చెప్పను, అది తప్పు. కానీ చేని కాడ కొట్టంలో పడుకునే ముసలోళ్ళు, మామిడి తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు, కొండ కింద మేకలతో ఉండేవాళ్ళు, ఇటుక బట్టీల కాడ ఉండేవాళ్ళు, వీళ్ళ తలుపు ఎవరూ తట్టరు, తలుపే ఉండదు. లెక్క రాసే అయ్యవారు ఊర్లోకి వచ్చిన రోజు ఒకరన్నా వెంటబడి పోయి ఆ చోట్లన్నీ చూపించండి. మా ఊర్లో ఎవరు పోతారో ఇప్పుడే మాట్లాడుకున్నాం. మీ ఊర్లో ఎవరు పోతారో కింద రాయండి.