కనబడ్డానికి కొన్న బండికి నల్ల కళ్ళద్దాలా?

అన్నవరంలో మెట్ల మొదట, తొలి పావంచా దగ్గర, మంచిరోజు చూసుకుని ఓ గంట నిలబడండి. ఈ ఏడు కుర్రకారు మోజు ఏ బండి మీద ఉందో ఎవర్నీ అడక్కుండానే తెలిసిపోతుంది. బానెట్‌కి పసుపూ కుంకుమా, ముందు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు... సత్యదేవుడి చల్లని చూపు బండి మీద ఉండాలని ఓ దణ్ణం. ఆపైన ప్రసాదం పొట్లం చేతబట్టుకుని హైవే ఎక్కడమే!

ఆ వరసలో ఇప్పుడు గుడ్డ టాపు బళ్ళు కూడా కనిపిస్తున్నాయి. 2020 అక్టోబరు 2న కొత్త మహీంద్రా థార్ విడుదలైనప్పుడు మడతపెట్టుకునే టాపుతో కూడా వచ్చింది. అప్పట్నించీ మన జిల్లాల కుర్రాళ్ళకి పాత జీపు మీద ప్రేమ మళ్ళీ చిగురించింది. పాత జీపు కొని, రంగులేయించి, కొత్త టాపు కుట్టించుకునేవాళ్ళూ తక్కువేం కాదు. బాగానే ఉంది. కానీ పూజ పూర్తయి నిమ్మకాయలు నలిగాయో లేదో, సీటు కవర్ల షాపు ముందు వినబడే మొదటి ప్రశ్న ఒకటుంది.

"ఏవండీ, ఎనకాల ప్లాస్టిక్ అద్దానికి నల్ల ఫిలిం ఏయించేస్తే అదిరిపోద్ది కదండీ?"

ఈ వారం మన కబుర్లు ఆ ప్రశ్న మీదే. అదిరిపోదు. పాడైపోతుంది! ఎందుకో చెబుతాను. ముందు కాస్త సినిమా చూద్దాం.

మన తెరమీద టాపులేని బండి ఎందుకు పుట్టింది? హీరోగారి మొహం కనబడ్డానికి! 'ఆరాధన' (1969) గుర్తుందా? డార్జిలింగ్ కొండల్లో బుల్లి రైలు పక్కన ఓపెన్ జీపు, అందులో రాజేష్ ఖన్నా. రైలు కిటికీలో కనిపించే షర్మిలా టాగోర్ ఆ కొండలకి వెళ్ళనేలేదు. ఆమె షాట్లు స్టూడియోలో విడిగా తీసి కలిపారు. అయినా ఆ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారని దేశమంతా నమ్మింది! అదే కథ 1974లో 'కన్నవారి కలలు' పేరుతో శోభన్ బాబు, వాణిశ్రీలతో తెలుగులోకీ వచ్చింది. జీపుకి టాపు వేసి, నాలుగువైపులా నల్ల తెరలు కట్టి ఉంటే ఆ చూపు ఎక్కడుండేది? ఆ పాట ఎక్కడుండేది?

ఇంకో ముచ్చట. వెనకటి సినిమాల్లో హీరో హీరోయిన్లు కారులో పోతూ మాట్లాడుకునే సీన్లు చాలావరకు స్టూడియోలోనే తీసేవారు. కారు అంగుళం కదలదు. దాని వెనకాల ఓ పెద్ద తెర. ముందే తీసి ఉంచుకున్న రోడ్డూ చెట్లూ ఆ తెరమీద ప్రొజెక్టరుతో ఆడిస్తారు. ఎవరో ఒకరు కారుని కాస్త ఊపుతుంటారు. అంతే, కారు పరుగో పరుగు! ఆ పరుగంతా మనకి కనిపించేది ఎక్కణ్ణించి? హీరో భుజం వెనకున్న కిటికీలోంచే. ఆ కిటికీ నల్లబడితే కారు ఎక్కడికీ పోదు!

మరి నల్ల అద్దాల మోజు ఎక్కణ్ణించి వచ్చింది? అదీ సినిమావాళ్ళ దగ్గర్నించే. కాకపోతే తెరమీంచి కాదు, తెరవెనక నుంచి. సిగ్నల్ దగ్గర కారాగితే జనం మూగుతారు, అద్దాలు బాదుతారు. అందుకని తారలు నల్ల ఫిలిం వేయించుకున్నారు. వాళ్ళకది దాక్కోవడం. చూసిన కుర్రాళ్ళకది దర్జా! ఇక్కడే ఉంది అసలు తమాషా. ఓపెన్ బండి కొనేది నలుగురికీ కనబడాలని. నల్ల ఫిలిం వేసేది ఎవరికీ కనబడకూడదని. రెండూ ఒకే బండికా గురూ?

సరే, మోజుని కాసేపు పక్కన పెడదాం. ప్లాస్టిక్ సంగతి చూద్దాం.

మామూలు కారు వెనక ఉండేది గాజు. గుడ్డ టాపుకి కుట్టేది పీవీసీ షీటు. మన ఇళ్ళల్లో భోజనాల బల్లమీద పరుస్తామే, ఆ పారదర్శకపు షీటుకి ఇది దగ్గరి చుట్టం. పీవీసీ సహజంగా గట్టి సరుకు. నీళ్ళ గొట్టాలు చేసేది దానితోనే. దాన్ని మడతపెట్టేంత మెత్తగా చెయ్యడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఈ నూనె ఒకచోట కుదురుగా ఉండదు. మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది.

నమ్మకం కలగట్లేదా? మీలో చాలామంది చేసే ఉంటారు. సినిమా పత్రికలోంచి అభిమాన తార బొమ్మ కత్తిరించి, చదువుకునే బల్లమీద ప్లాస్టిక్ షీటు కింద పెడతారు. ఏడాది తిరిగాక తియ్యబోతే బొమ్మ రాదు! తార పెదవుల ఎరుపు, చీర అంచు, అన్నీ షీటుకే అంటుకుపోయి ఉంటాయి. ఆ పని చేసింది ఈ నూనే.

ఇప్పుడు నల్ల ఫిలిం సంగతి. అది గాజుకోసం తయారైనది. పాలియెస్టర్ పొర, దాని వెనక జిగురు. గాజులోంచి నూనె రాదు, గాజు వంగదు, ఎండకి సాగదు. కనక ఫిలిం ఏళ్ళతరబడి బుద్ధిగా కూర్చుంటుంది. అదే ఫిలిం మెత్తటి షీటు మీద అతికించారనుకోండి, కింద నూనె జిగురుని నానబెడుతుంది. మొదట చిన్న చిన్న బుడగలు, తరవాత పొక్కులు. పైగా షీటు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఫిలిం మాత్రం దానితోపాటు సాగదు. ఇక టాపు మడతపెట్టిన రోజున ఫిలిం మీద పడిన గీత చచ్చినా పోదు. అంచులు లేస్తాయి, ఆ సందులో దుమ్ము చేరుతుంది. పోనీ పీకేద్దామా అంటే జిగురు వదలదు. గోకితే షీటంతా గీతలు. హీట్ గన్ పెడితే షీటే వంకర్లు పోతుంది. ఫిలిం డబ్బులూ పాయె, అద్దమూ పాయె!

"అయితే స్ప్రే కొట్టిస్తే?" అని అడుగుతారు కొందరు. స్ప్రే రంగులో చాలావాటికి థిన్నర్ ఉంటుంది. థిన్నరు ప్లాస్టిక్‌ని కొరుకుతుంది. పైన రంగు మెరిసేలోపు కింద షీటు మసకబారుతుంది. పైగా చేత్తో కొట్టిన రంగు అంతటా ఒకే మందాన పడదు. ఒకచోట పలచన, ఒకచోట చిక్కన. రాత్రి వెనకొచ్చే లారీ లైట్లు దానిమీద పడితే రోడ్డు కాదు, మచ్చలే కనిపిస్తాయి. బట్టల రంగులో ముంచుదామా అంటే, ఆ రంగులు నూలుకి పట్టినట్టు పీవీసీకి పట్టవు.

ఇంకో వాదన కూడా ఉంది, అది ఎండ. మన గోదావరి జిల్లాల ఎండ తక్కువదేం కాదు, నిజమే. కానీ నెత్తిమీద పడే ఎండని ఆపేది గుడ్డ టాపు. వెనకున్న చిన్న కిటికీని నల్లగా చేసినంత మాత్రాన బండి లోపల ఊటీ అయిపోదు. పైగా నల్లటిది వేడిని తనలోకి లాక్కుంటుంది. వేడెక్కేకొద్దీ షీటులోని నూనె ఇంకా త్వరగా పోతుంది. షీటు పెళుసెక్కి, ఓ రోజు మడతపెడుతుంటే టప్పున చీలుతుంది.

ఇక చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ రూలు ఒకటుంది. ముందు అద్దం, వెనక అద్దం మీద 100 పాళ్ళ వెలుతురు పడితే కనీసం 70 పాళ్ళు లోపలికి రావాలి. పక్క అద్దాలకైతే 50 పాళ్ళు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, ఎంత పలచనిదైనా సరే అద్దాలకి ఫిలిం అతికించకూడదని తీర్పిచ్చింది. మే 4 నుంచి అది దేశమంతా అమల్లోకి వచ్చింది. తరవాత 2020లో ఆ రూలుని సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆ సవరణని బట్టి, పరిమితికి లోబడిన ఫిలిం వేసుకోవచ్చని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. కోర్టుల మాట ఎలా మారినా 70, 50 అంకెలు మాత్రం మారలేదు. పక్క అద్దానికి చెల్లే నలుపు వెనక అద్దానికి చెల్లదు. అదీ గుర్తుంచుకోవాలి.

తారలకి మినహాయింపు ఉంటుందనుకుంటున్నారా? 2022లో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు పేరుమోసిన హీరోల కార్లు ఆపి మరీ నల్ల ఫిలిం పీకించారు, జరిమానా రాశారు. మనం ఎవర్ని చూసి వేయించుకున్నామో వాళ్ళవే పీకేశారన్నమాట!

ఇక్కడ చిన్న లెక్క ఉంది, కాగితం కలం అక్కర్లేదు. మీ షీటు కాస్త పాతబడి, 100కి 80 పాళ్ళ వెలుతురే రానిస్తోందనుకుందాం. దానిమీద 70 పాళ్ళు రానిచ్చే ఫిలిం వేశారు. అప్పుడు వచ్చేది 70 కాదు. 80లో 70 శాతం, అంటే 56! షాపువాడు చూపించిన ఫిలిం చట్టానికి లోబడిందే, అతికించాక మీ కిటికీ మాత్రం చట్టానికి లోబడదు. పగలు ఆ తేడా కంటికి ఆనదు. సాయంత్రం తుని దాటి వస్తుంటే, ఇంటిముందు బండి వెనక్కి తిప్పుతుంటే, వెనకాల ఏ చంటిపిల్లాడో నిలబడి ఉంటే... అప్పుడు తెలుస్తుంది ఆ 14 పాళ్ళ విలువ. తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు కూడా.

"ఇంతకీ ఏం చెయ్యమంటారు?" అంటారా? దారి ఉంది.

మీ షీటు పసుపెక్కి మసకబారి ఉంటే, దానికి ముసుగెయ్యకండి. మార్పించండి. సీటు కవర్లూ జీపు టాపులూ కుట్టేవాళ్ళు కాకినాడలోనూ ఉన్నారు, రాజమండ్రిలోనూ ఉన్నారు. పాత షీటు విప్పి, దాన్నే కొలతగా పెట్టి కొత్తది కుడతారు. రంగు కావాలనుకుంటే, తయారీలోనే పొగరంగు కలిపిన షీటు అడగండి. అందులో రంగు పైన పూసింది కాదు, లోపలే ఉంది. కనక పొక్కదు, లేవదు. కానీ బాగా పలచనిదే తీసుకోండి. 70 పాళ్ళ మాట అక్కడా వర్తిస్తుంది. షీటు మందం ముప్పాతిక మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటే చాలు. మరీ పలచనైతే గాలికి కొట్టుకుంటుంది, మరీ మందమైతే మడత పడదు. కుట్టు మరీ దగ్గర దగ్గరగా వెయ్యొద్దని చెప్పండి. తపాలా బిళ్ళల మధ్య చిల్లుల్లాగా, అక్కడే చిరుగుతుంది.

కొత్తది వేయించాక దాన్ని కాపాడుకోవడం మీ చేతిలో పని. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడవకండి. ఇసక రేణువులు గీతలు గీస్తాయి. ముందు ధారాళంగా నీళ్ళు పొయ్యండి, తరవాత పలచని సబ్బు నీళ్ళూ మెత్తటి నూలుగుడ్డా. పెట్రోలు, కిరసనాయిలు, గోళ్ళరంగు చెరిపే మందు దగ్గరికి రానివ్వకండి. గాజు తుడిచే మందుల్లో అమ్మోనియా కలిపినవి కూడా వద్దు. టాపు మడిచేటప్పుడు కిటికీ జిప్పుతో విడివడేదైతే ముందది విప్పండి. మడత మధ్యలో ఓ పాత తువ్వాలు పెట్టండి. తడి ఉండగా మడిచి రోజులతరబడి వదిలెయ్యకండి. బండి ఎండలో ఆపాల్సివస్తే కిటికీమీద బయట్నించి తెల్లగుడ్డ కప్పండి, బయల్దేరేముందు తీసెయ్యండి. ఖర్చులేని టింటు అదే!

ఇదంతా ఎవరి డబ్బుకోసం చెబుతున్నాను? ఓవర్‌టైము చేసినవాడూ, చీటీ పాడుకున్నవాడూ, నాన్నగారిని ఆర్నెల్లు బతిమాలినవాడూ ఆ బండి కొన్నాడు. దానికి మొదటి వారంలోనే ఓ పొక్కుల అద్దం బహుమతిగా ఇవ్వడం ఏం న్యాయం?

హీరోలా ఉండాలనే సరదా తప్పు కాదు. ఆ సరదా లేకపోతే ఈ పత్రికా లేదు, నా కాలమూ లేదు! కాకపోతే నల్ల కళ్ళద్దాలు బండికి కాదు, మీరే పెట్టుకోండి. టాపు వెనక్కి మడవండి. జుట్టు గాలికి ఎగరనివ్వండి. వెనకాల మటుకు తెల్లగా, తేటగా ఉంచండి.

వెనక వచ్చేది అభిమానుల గుంపైనా, పదహారు చక్రాల లారీ అయినా ముందు మీకు కనబడాలి కదా మరి!