పరుగు లేకపోతే ఆటే కాదా?

ఐపీఎల్ నెలల్లో సేత్తూరులో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా వినపడే తీర్పు ఒకటే: రెండొందలు దాటకపోతే అదేం మ్యాచ్? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే మా రాజపాళయం పక్క జనం చెన్నైకా హైదరాబాదుకా అని కొట్టుకున్నా, ఈ మాట దగ్గర ఏకమైపోతారు. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు మీద సన్‌రైజర్స్ 287 బాదాక రెండొందలు కూడా ఆనడం లేదు. అమెరికా వెళ్లిన మనవాళ్లదీ ఇదే గోల. బేస్‌బాల్‌కి వెళ్తే 2-0తో అయిపోయిందట, టికెట్ డబ్బులు దండగట!

అదే 2-0 మ్యాచ్ ఒకటి చూద్దాం. 1956 అక్టోబర్ 8, బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో అయిదో ఆట. న్యూయార్క్‌లోనే ఉన్న రెండు జట్లు, యాంకీస్, బ్రూక్లిన్ డాడ్జర్స్. పదహారేళ్లలో ఏడోసారి తలపడుతున్నాయి. అంతకుముందు ఏడాదే డాడ్జర్స్ మొట్టమొదటిసారి గెలిచారు, కాబట్టి కసి రెండు వైపులా ఉంది. యాంకీస్ బంతి డాన్ లార్సెన్ చేతికిచ్చారు. మూడు రోజుల ముందు రెండో ఇన్నింగ్స్ అయినా ముగించలేక బయటికి వెళ్లినవాడు.

ఆ రోజు లార్సెన్ 97 బంతులు వేశాడు. 27 మంది వచ్చారు, 27 మందీ ఔటయ్యారు. ఒక్కడూ మొదటి బేస్ దాకా చేరలేదు. ఏమీ జరగలేదనేవాళ్లు రెండో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు జాకీ రాబిన్సన్ కొట్టిన దెబ్బ గుర్తు తెచ్చుకోవాలి. బంతి మూడో బేస్ దగ్గరున్న యాంకీస్ ఆటగాడు కేరీకి తగిలి పక్కకు ఎగిరింది. మెక్‌డూగల్డ్ దాన్ని ఒడిసిపట్టి విసిరేసరికి రాబిన్సన్ వెంట్రుకవాసిలో ఔట్. అయిదో ఇన్నింగ్స్‌లో హాడ్జెస్ కొట్టింది మైదానం లోతుకు పోతుంటే మాంటిల్ పరుగెత్తుతూనే చేయి అడ్డంగా చాచి పట్టాడు. ఆ తర్వాతి ఆటగాడు కొట్టిన బంతి గీతకు కాస్త అవతల పడి ఫౌల్ అయింది. ఇక ఓడిన డాడ్జర్స్ పిచ్చర్ మాగ్లీ! ఎనిమిది ఇన్నింగ్స్‌లలో అయిదే హిట్లు ఇచ్చాడు పాపం.

పరుగుల పక్షంవాళ్లు దీనికి ఓ జవాబు చెబుతారు: 1964లో మద్రాసులో బాపు నద్కర్ణి ఇంగ్లండ్ మీద వరసగా 21 మెయిడెన్లు వేశాడు, చూసినవాళ్లకు నిద్రొచ్చింది కదా అని. వచ్చే ఉంటుంది, నేను కాదనను. ఆ టెస్టు డ్రా అయింది కూడా. కానీ క్రికెట్‌లో బ్యాటర్ రోజంతా అడ్డుకుంటూ నిలబడొచ్చు. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. మూడు స్ట్రైకులకు ఇంటికి పోవాలి, బంతి లోపల పడితే పరుగెత్తి తీరాలి. అక్కడ సున్నా అంటే కొట్టాలని చూసిన ప్రతివాడినీ ఆపారన్న మాట. పిరికితనానికి అందులో చోటెక్కడిది?

వ్యాపారులు మాత్రం టీకొట్టు పక్షమే. 1968లో బేస్‌బాల్ పిచ్చర్ బాబ్ గిబ్సన్ ఒక్కడే 13 షటౌట్లు, అంటే ఎదుటి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వని ఆటలు, వేసేసరికి, మరుసటి ఏడాది పిచ్చర్ నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి కోసేశారు. ఐపీఎల్ 2023లో ఇంపాక్ట్ ప్లేయర్‌ను తెచ్చి అదనపు బ్యాటర్‌కి దారి తీసింది. బౌలర్ మీద జాలిపడి ఎవరైనా నియమం మార్చారా?

1956 సిరీస్ రెండో ఆటలో, లార్సెన్ మధ్యలో వెళ్లిపోయిన ఆ ఆటలోనే, డాడ్జర్స్ 13-8తో గెలిచారు. మొత్తం 21 పరుగులు. దాని ఊసు ఇవాళ ఎవరెత్తుతున్నారు? చివరి మూడు ఆటలూ షటౌట్లే: 2-0, 1-0, 9-0. మొదటి ఇన్నింగ్స్ తప్ప లార్సెన్ ఆట మిగతాదంతా ఫిల్ముగా మిగిలింది. 287 కొట్టిన రాత్రి హైలైట్లు చూసినవాళ్లు ఒకసారి ఆ అయిదో ఇన్నింగ్స్ కూడా చూసి వచ్చి అప్పుడు వాదించండి.